ఒక్క రోజులో వెళ్లిరాగల శిలాజాల చోట్లను ఎలా వెతకాలి?

శిలాజాల కోసం బయలుదేరేవారిలో చాలామంది ముందు ప్రయాణం కట్టి, ఆ తరువాత చోటు వెతుకుతారు. ఈ వరుసను తిరగేయాలి. చోటును ఇంట్లో కూర్చుని పటం మీదే పట్టుకోవాలి.

మొదట, మీ ఊరి చుట్టూ వంద కిలోమీటర్ల లోపల ఏయే రాళ్లు ఉన్నాయో తెలుసుకోండి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వారి ‘భూకోశ్’ పోర్టల్‌లో భూగర్భ పటాలను ఉచితంగా చూడవచ్చు. హైదరాబాదు కింద ఉన్న గ్రానైటు భూమి లోతున శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడినది కనుక అందులో శిలాజాలు ఉండవు. తాండూరు నాపరాయి నీటి అడుగున పేరుకున్నదే అయినా, గుల్లలున్న జీవులు పుట్టకముందటిది. నాపరాళ్ల మీద ఒక్కోసారి కనిపించే నల్లని కొమ్మల వంటి ఆకారాలు ఆకుల ముద్రలు కావు. పగుళ్లలోకి దిగిన నీరు వదిలిన మాంగనీసు ఖనిజపు మరకలు. వాటిని శిలాజాలనుకుని దాచుకున్నవారు ఎందరో ఉంటారు.

రెండవ పని, పాత భూగర్భ నివేదికలలో ఊళ్ల పేర్లు వెతకడం. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే విలువైన మెట్టు, ఎందుకంటే ఒక పొరలో ఒకసారి శిలాజం దొరికిందంటే అదే పొర బయటపడిన పక్క ఊరిలోనూ దొరికే అవకాశం ఉంటుంది. ఒంగోలు వైపువారికి వేమవరం, బూదవాడ పేర్లు, ఏలూరు వైపువారికి రాఘవాపురం పేరు ఇలాగే ఎదురవుతాయి. ఈ పేర్లతో పిలిచే రాతి పొరలలో డైనోసార్ల కాలపు ఆకుల ముద్రలు ఉన్నాయి.

రాజమహేంద్రవరం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. గోదావరికి పడమట పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం, తూర్పున కాతేరు పరిసరాలలో రెండు లావా పొరల నడుమ సున్నపురాయి పొర ఉంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారివచ్చిన లావా ఇక్కడ గడ్డకట్టిందని శాస్త్రవేత్తలు చెబుతారు. ఒక ప్రవాహానికీ మరొక ప్రవాహానికీ మధ్య దొరికిన వ్యవధిలో ఇక్కడి నీళ్లలో నత్తలు, ఆల్చిప్పలు బతికాయి. క్రైస్తవ మిషనరీ, భూగర్భ పరిశోధకుడు స్టీఫెన్ హిస్లప్ 1860లోనే ఇక్కడి గుల్లలను వర్ణించాడు. కంకర కోసం నల్లరాయిని, అంటే గడ్డకట్టిన ఆ లావాను, తవ్విన చోట ఆ నలుపు నడుమ లేతరంగు పట్టీ కనిపిస్తే, మీరు వెతికే పొర బహుశా అదే. దాని పొడి మీద వెనిగర్ చుక్క వేస్తే నురగ వస్తుంది. నల్లరాయి మీద సాధారణంగా రాదు.

మూడవది అనుమతి. క్వారీ అయితే యజమానినీ, పొలమైతే రైతునూ ముందుగా అడగాలి. అభయారణ్యాలలో రాయి కూడా తీయరాదు. పేలుళ్లు జరిపే వేళలు కనుక్కోకుండా క్వారీలోకి అడుగుపెట్టవద్దు. నిలువుగా కోసిన గోడ కింద నిలబడవద్దు. తవ్వి బయట పోసిన రాళ్ల కుప్పలలోనే వెతకండి. అక్కడ వానకు మట్టి కడుక్కుపోయి గుల్లలు తేటగా కనిపిస్తాయి, అందువల్ల వానలు వెనుకబట్టాక ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

దొరికినదాన్ని అక్కడికక్కడే కాగితంలో చుట్టి, ఊరు, తేదీ, ఫోన్‌లో చూసిన అక్షాంశ రేఖాంశాలు, పొర రంగు రాసిన చీటీని దానితోనే కట్టండి. చోటు తెలియని శిలాజానికి శాస్త్రంలో విలువ చాలావరకు పోతుంది.

ఎముక గానీ పన్ను గానీ కనిపిస్తే మాత్రం పెకలించవద్దు. వికారాబాదు ప్రాంతంలోని నస్కల్ వద్ద ఇలాంటి లావా నడిమి పొరలోనే దొరికిన అతి చిన్న పళ్ల ఆధారంగా 1988లో డెక్కనోలెస్టిస్ అనే క్షీరదాన్ని గుర్తించారు. అంత చిన్నవాటిని మట్టిని జల్లెడలో కడిగి ఏరాలి, అది శిక్షణ ఉన్నవారి పని. పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీసి, దగ్గరలోని విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర విభాగానికి పంపండి; వారు వచ్చేవరకు ఆ రాయిని ఉన్నచోటనే ఉంచండి.