ఇంటర్‌ప్రెటర్ మీదికి ఫజ్జర్‌ను వదిలే ముందు

రాత్రి ఫజ్జర్ (ప్రోగ్రాముకు లెక్కలేనన్ని మార్చిన ఇన్‌పుట్‌లు ఇచ్చి తప్పులు వెతికే సాధనం) ఆన్ చేసి, పొద్దున లేచాక ఎన్ని క్రాష్‌లు దొరికాయో చూసుకుందాం అనుకునేవాళ్ల కోసం ఇది. ఇమేజ్ లైబ్రరీలను ఫజ్ చేసిన అలవాటుతో ఇంటర్‌ప్రెటర్ (పైథాన్, లువా, పీహెచ్‌పీ లాంటి భాషల స్క్రిప్టులను నడిపే ప్రోగ్రాము) జోలికి వస్తే కొంప మునుగుతుంది. చెడిపోయిన బొమ్మ ఫైలు ఇస్తే ఆ లైబ్రరీ మహా అయితే చస్తుంది. ఇంటర్‌ప్రెటర్ అలా కాదు, ఇచ్చింది అర్థమైతే చేసి పెడుతుంది. ఫైలు చెరిపెయ్యమంటే చెరిపేస్తుంది, షెల్‌ను పిలవమంటే పిలుస్తుంది. అందుకే ఇక్కడ భయపడాల్సింది క్రాషయ్యే స్క్రిప్టుకు కాదు, ఏ తప్పూ లేకుండా నడిచిపోయే స్క్రిప్టుకు.

చాలామంది ఆ భాషతో పాటు వచ్చే టెస్టు ఫైళ్లనే సీడ్‌లుగా (ఫజ్జర్ మార్చి మార్చి చూసే మొదటి నమూనాలుగా) పడేస్తారు. మంచి పనే. కానీ టెస్టులు తాత్కాలిక ఫైళ్లు సృష్టిస్తాయి, పనయ్యాక వాటిని తుడిచేస్తాయి. లువా టెస్టు ఒకటి ఓఎస్ డాట్ ఎగ్జిక్యూట్ (షెల్ కమాండు నడిపే ఫంక్షన్) ద్వారా హోమ్ డైరెక్టరీలోని టెంప్ ఫోల్డరును ఆర్‌ఎమ్ కమాండుతో తీసేస్తోందనుకోండి. ఫజ్జర్ ఆ వరుసలో స్లాష్‌కీ టెంప్‌కీ మధ్య ఒక్క ఖాళీ దూర్చితే చాలు, పోయేది ఫోల్డరు కాదు, హోమ్ డైరెక్టరీ మొత్తం. పిచ్చోడి చేతిలో రాయి అంటారే, అదే ఇది, కాకపోతే సెకనుకు వందల రాళ్లు.

కాబట్టి సొంత మెషీన్‌లో, సొంత యూజర్‌తో నడపొద్దు. వర్చువల్ మెషీన్ ఉత్తమం, కనీసం కంటెయినర్ అయినా ఉండాలి. నెట్‌వర్క్ పూర్తిగా తీసెయ్యండి, రూట్ ఇవ్వొద్దు, హోమ్ డైరెక్టరీని లోపలికి మౌంట్ చెయ్యొద్దు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో క్లౌడ్ పాస్‌వర్డులు, టోకెన్లు మిగిలాయేమో చూసుకోండి, ఇది చాలామంది మరిచిపోతారు. ప్రాసెస్‌ల సంఖ్యకు, ఫైలు సైజుకు పరిమితి పెట్టండి, లేకపోతే లూపులో ఫోర్క్ చేసే (కొత్త ప్రాసెస్‌లు పుట్టించే) స్క్రిప్టు ఒక్కటి పుట్టినా మెషీన్ బిగుసుకుపోతుంది. పని డైరెక్టరీని ర్యామ్‌లోనే ఉండే టీఎంపీఎఫ్‌ఎస్‌లో పెడితే ఎస్‌ఎస్‌డీ అరగదు. లువాలో అయితే ఇంకో సుఖం ఉంది: మీ హార్నెస్‌లో (ఫజ్జర్‌ను ఇంటర్‌ప్రెటర్‌తో కలిపే చిన్న ప్రోగ్రాములో) అన్ని లైబ్రరీలూ తెరవకుండా ఓఎస్, ఐఓ, ప్యాకేజ్ వదిలేసి మిగతావే తెరవొచ్చు. పీహెచ్‌పీలో ఫంక్షన్లు నిలిపేసే సెట్టింగు ఉంది కానీ, దాన్ని గోడ అనుకోవద్దు.

మెమరీ పరిమితి దగ్గర ఒక మెలిక ఉంది. 64 బిట్ లినక్స్‌లో అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టుకోడానికి బిల్డ్‌లో కలిపే సాధనం) మొదట్లోనే 20 టెరాబైట్ల దాకా వర్చువల్ అడ్రస్‌లు రిజర్వ్ చేసుకుంటుంది. షెల్‌లో పరిమితులు పెట్టే యూలిమిట్‌తో వర్చువల్ మెమరీని బిగించారంటే ప్రోగ్రాము మొదలే కాదు. పరిమితిని సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపు నిజంగా వాడే మెమరీకి కెర్నెల్ పెట్టే హద్దు) ద్వారానే పెట్టాలి.

ఇక అసలు విషయం. శానిటైజర్‌తో బిల్డ్ చేసినంత మాత్రాన బగ్గులు కనపడతాయని లేదు. సీపైథాన్ (పైథాన్ అసలు ఇంటర్‌ప్రెటర్) 512 బైట్లు, అంతకన్నా చిన్న ఆబ్జెక్టులకు తన సొంత అలొకేటర్ (మెమరీ పంచే భాగం) నుంచి జాగా ఇస్తుంది. ఒకసారి విడిచిన జాగాను మళ్లీ తాకినా, శానిటైజర్ లెక్కలో అది బతికున్న మెమరీయే. కిక్కురుమనదు. పైథాన్‌మాలక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి మాలక్ అని ఇవ్వండి, పీహెచ్‌పీలో యూజ్ జెండ్ అలొక్ అనే వేరియబుల్‌ను సున్నా చెయ్యండి. ఈ ఒక్క పని చెయ్యకుండా వారాల తరబడి నడిపి, బగ్గులేమీ లేవని తేల్చేవాళ్లున్నారు.

అలాంటిదే ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్య) తలనొప్పి. పైథాన్‌లో గానీ లువాలో గానీ మామూలు స్క్రిప్టు ఎర్రర్ వస్తే ఎగ్జిట్ కోడ్ 1. అడ్రస్ శానిటైజర్ తప్పు పట్టుకుని ఆగినా మామూలుగా ఇచ్చేది 1 యే. సొంతంగా రాసుకున్న హార్నెస్ ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంది. శానిటైజర్‌ను అబార్ట్ అయ్యేలా పెట్టుకుంటే షెల్‌లో 134 కనపడుతుంది. 139 అయితే సెగ్మెంటేషన్ ఫాల్ట్. 137 వస్తే సంబరపడొద్దు, ఎక్కువసార్లు అది మెమరీ అయిపోయి కెర్నెల్ చంపిన ప్రాసెస్.

మొదలుపెట్టే ముందు వలకు చిల్లు ఉందో లేదో చూడండి. పైథాన్‌లో సీటైప్స్‌తో (మెమరీని నేరుగా తాకనిచ్చే మాడ్యూల్) సున్నా అడ్రస్ నుంచి స్ట్రింగ్ చదివించే వరుస ఒకటి సీడ్లలో వేసి, అది క్రాష్‌ల ఫోల్డరులోకి చేరిందా అని చూడటం రెండు నిమిషాల పని. చేరాక సీటైప్స్‌ను నిలిపెయ్యండి, దానితో ఇంటర్‌ప్రెటర్‌ను కూల్చడం గొప్ప కాదు. లువా బైట్‌కోడ్ (స్క్రిప్టును ముందే కంపైల్ చేసిన రూపం) కూడా అంతే: 5.2 నుంచి దాన్ని తనిఖీ చెయ్యరు, చెడ్డ బైట్‌కోడ్ కూల్చగలదని మాన్యువల్లోనే ఉంది. లోడ్ ఫంక్షన్‌ను టెక్స్ట్‌కే పరిమితం చెయ్యండి.

సీడ్లలో ఏముండాలన్నది ఓపిగ్గా ఆలోచించాల్సిన విషయం. బైట్లు మాత్రమే మార్చే ఫజ్జర్ పుట్టించేవాటిలో ఎక్కువ భాగం పార్సర్ దగ్గరే తిరస్కరణకు గురవుతాయి. కీవర్డుల డిక్షనరీ ఇస్తే కొంత నయం. అసలు బగ్గులు దాక్కునేది సీ కోడ్ మధ్యలో ఆగి స్క్రిప్టును పిలిచే చోట: సార్ట్‌కిచ్చే పోలిక ఫంక్షన్, సమానత్వం చూసే మెథడ్, ఆబ్జెక్టు పోయేటప్పుడు నడిచే ఫైనలైజర్. లిస్టును సార్ట్ చేస్తుండగా పోలిక ఫంక్షనే ఆ లిస్టును ఖాళీ చేసేస్తే? సీపైథాన్‌కి ఈ దెబ్బ తెలుసు, సార్ట్ నడిచినంతసేపూ లిస్టును ఖాళీగా చూపించి, మార్పు కనపడితే వాల్యూఎర్రర్ ఇస్తుంది. అన్ని చోట్లా అంత జాగ్రత్త ఉండదు. ఇలాంటివి చేత్తో రాసి వెయ్యండి.

పైథాన్ ప్రతిసారీ యాదృచ్ఛికంగా తీసుకునే హాష్ సీడ్‌ను (పై సీడ్లతో దీనికి సంబంధం లేదు) సున్నాకు బిగించండి, లేకపోతే నిన్నటి క్రాష్ ఈరోజు రాకపోవచ్చు.

క్రాష్‌లు గుట్టగా పడితే అన్నీ వేరువేరు అనుకోవద్దు, స్టాక్‌లోని (క్రాష్ వేళ ఒకదాన్నొకటి పిలిచిన ఫంక్షన్ల వరుసలోని) పై కొన్ని ఫ్రేములను బట్టి కలిపేస్తే చాలావరకు ఒకటే అవుతాయి. రికర్షన్ వల్ల వచ్చినవాటిని మామూలు బిల్డ్‌లో కూడా నడిపి చూడండి, శానిటైజర్ ఫ్రేములు పెద్దవి కాబట్టి అక్కడ మాత్రమే స్టాక్ నిండిపోవచ్చు.

రిపోర్ట్ చేసే ముందు ఆ ప్రాజెక్టు భద్రతా విధానం చదవండి. కావాలని రాసిన స్క్రిప్టు ఉంటేనే వచ్చే క్రాష్‌ను పీహెచ్‌పీ లాంటివి మామూలు బగ్గుగానే చూస్తాయి, బహిరంగంగా పెట్టొచ్చు. బ్రౌజర్లలోని జావాస్క్రిప్ట్ ఇంజిన్లు నడిపేదే ముక్కూమొహం తెలియనివాళ్ల స్క్రిప్టులను, కాబట్టి అక్కడ దొరికింది మెమరీ తప్పయితే ముందు వాళ్ల భద్రతా బృందానికే గుట్టుగా పంపాలి. కుదించిన స్క్రిప్టు, కమిట్ హాష్, బిల్డ్ ఫ్లాగులు, శానిటైజర్ అవుట్‌పుట్ జతచెయ్యండి.