తామర దుంప వంట, మూడో పాఠం: పెరుగులో నద్రు యఖ్ని

పోయిన పాఠంలో దుంపను పలుచటి చక్రాలుగా తరిగి, నిమ్మరసం కలిపిన నీళ్లలో వేసి, కరకరలాడేలా వేయించుకున్నాం. ఈసారి పని పూర్తిగా తిరగబడుతుంది. ముక్క మందంగా ఉండాలి, మెత్తగా ఉడకాలి, పెరుగు పులుసులో ఊరాలి. కాశ్మీరీ ఇళ్లలో చేసే నద్రు యఖ్ని ఇది. తామర దుంపను అక్కడ నద్రు అంటారు.

ఇందులో పట్టుకోవాల్సిన మెళకువలు రెండు. పులుపు తగలకముందే ముక్కను పూర్తిగా ఉడికించటం ఒకటి, పెరుగును విరగకుండా మరిగించటం రెండోది. మన వంటింటికి రెండూ కొత్తవి కావు. కందిపప్పు మెత్తబడకముందే చింతపండు పులుసు పోస్తే ఇక ఎంతసేపు మరిగించినా బద్ద బద్దగానే ఉంటుంది కదా. తామర దుంపకూ అదే సూత్రం. దాని కణాలను పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో అంత తేలిగ్గా కరగదు. వేపుడుకు నిమ్మరసం నీళ్లు పనికొచ్చింది అందుకే: ముక్క నల్లబడలేదు, గట్టిదనమూ పోలేదు. ఇప్పుడు ఆ గట్టిదనం మనకు వద్దు. కాబట్టి తరిగిన ముక్కలను మామూలు నీళ్లలోనే వేయండి. కాస్త బూడిద రంగుకు తిరిగినా కంగారు పడక్కర్లేదు.

నద్రు శ్రీనగర్ దాల్ సరస్సులోనూ, ఉత్తరాన వులర్ సరస్సులోనూ పెరుగుతుంది. పడవ మీద నిలబడి, చివర కొక్కెం ఉన్న పొడవాటి కర్రతో బురదలోంచి లాగుతారు. చలి నీళ్లలో చేసే కష్టమైన పని అది. 1992 వరదలకు వులర్‌లో పూడిక పేరుకుపోయి తామర దాదాపు కనుమరుగైంది. పూడిక తీశాక, మూడు దశాబ్దాలు దాటిన తర్వాత, 2025లో అక్కడ మళ్లీ పూలు విచ్చాయి. దీన్నే నమ్ముకుని బతికే కుటుంబాలకు అదెంత పెద్ద కబురో ఊహించండి.

ఇక వంట. నలుగురికి అర కిలో దుంప, అర కిలో పెరుగు చాలు. హైదరాబాద్‌లో కమల్ కక్డీ పేరుతో దొరికే సన్నటి పొడుగు దుంప దీనికి బాగా నప్పుతుంది. విదేశాల్లో చైనా దుకాణాల్లో దొరికే లావు దుంప త్వరగా ఉడుకుతుంది, దాన్ని ముందుగానే చూసుకుంటూ ఉండాలి. కణుపుల దగ్గర కోసి, చెక్కు తీసి, అంగుళంన్నర పొడవున ఏటవాలుగా తరగండి. రంధ్రాల్లో బురద ఉందేమో ఒక్కో ముక్కనూ వెలుతురుకు పెట్టి చూడండి. మొదటి పాఠంలో చెప్పినట్టు కుళాయి ధార కింద పట్టి కడగటం ఇక్కడ ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఉడికిన నీళ్లను పారబోయం.

ముక్కలు మునిగేంత నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి కుక్కర్‌లో మూడు నాలుగు విజిళ్లు రానివ్వండి. ముదురు దుంపకు ఇంకో రెండు పట్టవచ్చు. ఉడికిందో లేదో చూడటానికి కత్తి గుచ్చకండి. అది రంధ్రంలోంచి దిగిపోయి ఉడికిందనిపిస్తుంది. ఒక ముక్క తీసి కొరకండి. పంటికి తేలిగ్గా తెగాలి, పీచు సాగుతూ సన్నటి దారాలు రావాలి, లోపల పచ్చి వాసన ఉండకూడదు. ఆలుగడ్డలా చిదిగిపోవాలని మాత్రం చూడకండి, ఎంత ఉడికినా దీనికి కాస్త బిగువు ఉంటుంది. ఇక్కడ తొందరపడితే తర్వాత దిద్దుకునే దారి లేదు. నీళ్లను పలుచటి గుడ్డలో వడకట్టి ఉంచుకోండి.

ఇప్పుడు పెరుగు. పుల్లటిది వద్దు, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటిది అసలే వద్దు. గది వేడికి వచ్చాక ఒక చెంచా బియ్యప్పిండి గానీ శనగపిండి గానీ వేసి, ఉండలు లేకుండా కవ్వంతో చిలకండి. మజ్జిగ పులుసులో పిండి కలిపేది ఎందుకో ఇక్కడా అందుకే: పిండిలోని గంజి పెరుగులోని ప్రొటీన్ గడ్డకట్టి విడిపోకుండా ఆపుతుంది. వడకట్టిన నీళ్లు ఒక కప్పు కలిపి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్న మంట మీద పెట్టండి. ఇనుప మూకుడు వాడకండి, పెరుగు పులుపుకు, దుంపలోని వగరుకు ఇనుము తగిలితే పులుసు నల్లబడుతుంది. మొదటి పొంగు వచ్చేదాకా గరిటె ఆగకూడదు. ఫోన్ మోగినా తీయకండి. పొంగు వచ్చి రెండు నిమిషాలు మరిగిందంటే ప్రమాదం దాటినట్టే. ఉప్పు అప్పుడే వేయండి.

వేరే మూకుట్లో రెండు చెంచాల ఆవనూనె పొగ వచ్చేదాకా కాచి, మంట తగ్గించి, అర చెంచా జీలకర్ర, మూడు లవంగాలు, మూడు యాలకులు, ఒక పెద్ద యాలక్కాయ, చిన్న దాల్చిన చెక్క, చిటికెడు ఇంగువ వేయండి. ఆవనూనె ఘాటు పడనివారు నెయ్యి వాడుకోవచ్చు. నాకైతే నెయ్యితోనే సోంపు వాసన బాగా తెలుస్తుంది. ఈ పోపులో ఉడికిన ముక్కలను రెండు నిమిషాలు తిప్పి పెరుగులో వేయండి. రెండు చెంచాల సోంపు పొడి, ఒక చెంచా శొంఠి పొడి కలిపి, సన్న మంట మీద పదిహేను నిమిషాలు మూత వేయకుండా ఉంచండి. దించేముందు ఎండు పుదీనా నలిపి చల్లండి.

పసుపు, కారం, ఆవాలు, కరివేపాకు ఏవీ వేయకండి. చేయి అటే వెళ్తుందని తెలుసు, అయినా మొదటిసారికి ఆపుకోండి. సోంపు, శొంఠి కలిసి ఇచ్చే ఆ చల్లటి ఘాటు యఖ్నికి ప్రాణం, కారం పడితే అది కనిపించకుండా పోతుంది. ఉల్లి, వెల్లుల్లి సంగతి ఇంటిని బట్టి ఉంటుంది. కాశ్మీరీ పండితుల ఇళ్లలో సంప్రదాయంగా అవి వేయరు, ముస్లింల ఇళ్లలో వేస్తారు.

వేడి అన్నంలో కలుపుకుని తినాలి. మర్నాటికి పులుసు చిక్కబడి ముక్కలకు ఇంకా బాగా పడుతుంది. మళ్లీ వేడి చేసేటప్పుడు కాసిని నీళ్లు కలిపి సన్న మంట మీదే పెట్టండి.

వచ్చే పాఠంలో సింధీల వంట: ఆలుగడ్డతో కలిపి, టమాటా వేసి చేసే బీహ్ పటాటా. టమాటాలోనూ పులుపే ఉంది కాబట్టి, ముక్కలను ఏ దశలో వేయాలో వారంలోపు మీరే ఆలోచించి పెట్టుకోండి.