ఉప్పునీటి అక్వేరియం, ఆరో పాఠం: చేప ఒంటి మీద మచ్చ ఏమిటో తేల్చుకోవడం

పోయిన పాఠంలో క్వారంటైన్ ట్యాంకు, అంటే చేపలను మెయిన్ ట్యాంకు నుంచి వేరుగా ఉంచే ట్యాంకు, సిద్ధం చేసుకున్నాం. ఈ పాఠంలో మందు సీసా మూత తీసే పని లేదు. మచ్చ కనబడగానే ఏదో ఒకటి పోసేస్తే రెండు విధాలా నష్టం. సరైన మందు కాకపోతే జబ్బు ముదురుతుంది, పైగా అదేం జబ్బో చెప్పే గుర్తులు చెదిరిపోతాయి.

ముందు చూడాల్సింది మచ్చను కాదు, మొప్పలను. చేప ఒకచోట నిలకడగా ఉన్నప్పుడు 30 సెకన్లలో మొప్ప మూత ఎన్నిసార్లు తెరుచుకుందో లెక్కపెట్టి రెండుతో హెచ్చవేయండి. మేత తిన్న వెంటనే లెక్కించొద్దు. మామూలు సంఖ్య జాతిని బట్టి, సైజును బట్టి మారుతుంది. అందుకే చేప ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి లెక్కించి నోటుబుక్కులో రాసిపెట్టుకోవాలి. చేపలన్నీ ఒకేసారి రొప్పుతుంటే ముందు అమోనియా టెస్టు చేయండి. కరెంటు పోయి వచ్చాక పంపులన్నీ మళ్ళీ తిరుగుతున్నాయో లేదో చూడండి. అవన్నీ సరిగ్గానే ఉండి, చేప మాత్రం పాత లెక్కకు ఒకటిన్నర రెట్లు వేగంగా ఊపిరి తీస్తూ, పవర్‌హెడ్ (ట్యాంకులో నీటిని తిప్పే పంపు) ధారకు ఎదురుగా నిలబడి, లైటు పడితే దాక్కుంటూ ఉంటే, ఒంటి మీద మచ్చ ఒక్కటి కూడా లేకపోయినా వెల్వెట్ అనే అనుమానించాలి.

వెల్వెట్‌కు కారణం అమైలూడినియం ఒసెల్లేటమ్ అనే ఏకకణజీవి. ఇది ముందు మొప్పల్లో పడుతుంది, చర్మం మీదికి తర్వాత వస్తుంది. అక్కడ కూడా ట్యాంకు లైటు వెలుగులో చాలాసార్లు కనబడదు. లైట్లన్నీ ఆపి, టార్చిని పక్కనుంచి, చేప ఒంటికి దాదాపు సమాంతరంగా వేసి చూడండి. వెన్ను మీద, తల మీద బంగారు ఛాయలో మరీ సన్నని పొడి మెరుస్తుంది. విడివిడిగా లెక్కపెట్టలేం. దీనికి వ్యవధి చాలా తక్కువ, రెండు మూడు రోజుల్లో ట్యాంకంతా ఖాళీ కావచ్చు. ఈ ఒక్క అనుమానం వస్తే మాత్రం మిగతా పాఠం చదువుతూ కూర్చోకండి. చేపలన్నిటినీ క్వారంటైన్‌కు మార్చేయండి.

లెక్కపెట్టగలిగే తెల్ల మచ్చలైతే మొదట అనుకోవాల్సింది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్, అంటే సముద్రపు ఇక్. ఒక్కో మచ్చ అర మిల్లీమీటరు దాకా ఉండి, ఉప్పు రవ్వ అంటుకున్నట్టు కొద్దిగా ఉబ్బి కనిపిస్తుంది. ఈ పాఠం మొత్తంలో బాగా పట్టుకోవాల్సింది దీని కాలక్రమం. పరాన్నజీవి చేప మీద 3 నుంచి 7 రోజులు మేస్తుంది. చీకటి వేళ రాలిపోయి ఇసుక మీదో, రాయి మీదో, గాజు మీదో గుల్ల కట్టుకుంటుంది. కొన్ని రోజులకు, ఒక్కోసారి కొన్ని వారాలకు, ఆ ఒక్క గుల్లలోంచి రెండు వందల దాకా పిల్లజీవులు బయటికొస్తాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే అవి చచ్చిపోతాయి. దొరికితే మచ్చలు మళ్ళీ వస్తాయి, ఈసారి ఎక్కువగా.

నాలుగో రోజు మచ్చలు మాయమవగానే ‘మందు పనిచేసింది’ అనుకునేది ఇక్కడే. మేతలో వెల్లుల్లి రసం కలిపితే తగ్గిందనే మాట పుట్టిందీ ఇక్కడే. రాలాల్సిన రోజు వచ్చింది కాబట్టి అవి రాలాయి, అంతే.

కాబట్టి మచ్చ పేరు తేల్చేది దాని రూపం కన్నా దాని నడత. రోజూ లైటు వేసిన అరగంటకు, అదే సమయంలో, చేపకు కుడివైపు ఒక ఫొటో, ఎడమవైపు ఒక ఫొటో తీయండి. మచ్చలు ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయో రాయండి. రోజు రోజుకీ చోటు మారుతుంటే, ఒకరోజు తగ్గి వారంలోపు పెరిగి వస్తే ఇక్. అదే మచ్చ అదే చోట పది రోజులు కదలకుండా ఉంటే అది ఇక్ కాదు.

కదలని మచ్చల్లో తరచుగా కనిపించేది లింఫోసిస్టిస్. రెక్కల అంచున, తోక మీద తెల్లగానో బూడిదరంగులోనో గరుకు బొడిపెలు వస్తాయి, నెమ్మదిగా పెద్దవవుతాయి. ఇది వైరస్, దీనికి మందు లేదు. మేత, నీళ్ళు బాగుంటే వారాల్లోనో నెలల్లోనో దానంతట అదే తగ్గుతుంది. దీన్ని ఇక్ అనుకుని కాపర్ (ఇక్‌కు వాడే రాగి మందు) పోస్తే చేప మరింత నీరసించడం తప్ప ఒరిగేదేమీ లేదు. క్లౌన్ ఫిష్ కొత్త ఎనిమోన్‌లోకో యుఫీలియా పగడంలోకో దూరడం మొదలుపెట్టాక ఒంటి మీద మసి అలికినట్టు నల్ల మచ్చలు వస్తే కంగారు పడొద్దు. మచ్చ చదునుగా ఉండి, చేప బాగా తింటుంటే అది కుట్టినచోట పేరుకున్న రంగే. చాలావరకు వాటంతట అవే వెలిసిపోతాయి. ఎల్లో టాంగ్ చేప మీద మిరియం కన్నా చాలా చిన్న నల్ల చుక్కలు వస్తే మాత్రం అవి పురుగులు, వాటికి కింద చెప్పే పరీక్ష చేయాలి. క్లౌన్ ఫిష్ చర్మం మీది జిగురు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా. క్రోమిస్ చేప పక్కల మీద ఎర్రని పుండు పడితే యురోనీమా. ఈ రెండూ మచ్చల జబ్బులు కావు, తర్వాతి పాఠాల్లో వస్తాయి.

ఒక పాత అలవాటును ఇక్కడ వదిలేయాలి. మంచినీటి చేపలకు తెల్ల మచ్చలొస్తే రాళ్ళ ఉప్పు వేసి హీటర్ పెంచడం మనలో చాలామందికి అలవాటు. ఆ ఇక్ వేరు, ఈ ఇక్ వేరు. ఉప్పునీటి జీవికి ఉప్పు మందు కాదు. వేడి పెంచితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేప మొప్పలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి.

ఇక మంచినీటి ముంపు పరీక్ష. అడుగు నల్లగా ఉన్న గిన్నెలో ఐదు లీటర్ల ఆర్‌ఓ నీళ్ళు పోసి, అర టీస్పూను వంటసోడా కలిపి, ఎయిర్ స్టోన్‌తో కాసేపు గాలి ఆడించండి. వంటసోడాయే, బేకింగ్ పౌడర్ కాదు. పీహెచ్, ఉష్ణోగ్రత ట్యాంకుతో సమానమయ్యాకే చేపను వదలాలి. ఈ పరీక్ష వికటించేది ఎక్కువగా ఈ రెండూ సరిచూడకపోవడం వల్లే. ఐదు నిమిషాలు, కన్ను తిప్పకుండా చూడండి. మొదటి నిమిషంలో చేప పక్కకు ఒరిగి పడుకోవడం మామూలే. మొప్పల కదలిక ఆగితే మాత్రం వెంటనే ఉప్పునీటికి మార్చాలి. చర్మపు ఫ్లూక్స్ (చేపను పట్టే చదునైన పురుగులు) ఉంటే, అంతవరకూ పారదర్శకంగా ఉండి కంటికి ఆననివి తెల్లబడి గిన్నె అడుగున రాలతాయి. 2 నుంచి 5 మిల్లీమీటర్లుంటాయి. టాంగ్ మీది నల్ల పురుగులూ ఇలాగే రాలతాయి. ఇక్ రాలదు, చర్మం పొర కింద ఉంటుంది కనుక. ఏమీ రాలలేదని ఫ్లూక్స్ లేవని తేల్చేయొద్దు. మొప్పల్లో ఉండే చిన్న జాతులు కంటికి కనబడవు. ఇంకో మాట, ఇది పరీక్షే, వైద్యం కాదు.

మైక్రోస్కోప్ ఉంటే అనుమానమే అక్కర్లేదు. తడి చేత్తో చేపను పట్టి, కవర్ స్లిప్ అంచుతో రొమ్ము రెక్క వెనక తల నుంచి తోక వైపు ఒక్కసారి తేలికగా గీసి, ట్యాంకు నీటి చుక్కలో పెట్టి 40 రెట్లలో, తర్వాత 100 రెట్లలో చూడండి. మందంగా, గుండ్రంగా, నెమ్మదిగా తిరుగుతూ ఉంటే ఇక్. గోధుమరంగులో, కదలకుండా ఉంటే వెల్వెట్. చిక్కుడుగింజ ఆకారంలో జారుతూ పోతే బ్రూక్లినెల్లా. చేప అప్పుడే చనిపోయి ఉంటే మొప్ప ముక్కను కత్తిరించి చూడటం ఇంకా మేలు. ఆలస్యమైతే పరాన్నజీవులు వదిలిపోతాయి.

ఈ వారం పని: జబ్బు ఉన్నా లేకపోయినా మీ చేపలన్నిటికీ ఊపిరి లెక్క, రెండు వైపుల ఫొటోలు, వరుసగా ఏడు రోజులు. రెక్కల కణుపుల దగ్గర పుట్టుకతో ఉన్న చుక్కలు, ఇసుక రేణువులు, స్కిమ్మర్ (నురుగుతో నీటి మలినాలు తీసే పరికరం) నుంచి వచ్చి అంటుకున్న గాలి బుడగలు ఏవో ఇప్పుడే గుర్తుపట్టి రాయండి. ఏడో పాఠంలో కాపర్ మోతాదు, దాన్ని రోజూ కొలవడం, అది మెయిన్ ట్యాంకులో ఎందుకు పోయకూడదో చూస్తాం. అప్పటికి కాపర్ చెకర్, అంటే నీటిలో కాపర్‌ను అంకెల్లో చూపే మీటరు, ఒకటి దగ్గర పెట్టుకోండి. రంగు చూసి అంచనా కట్టే కిట్లు ఆ పనికి సరిపోవు.