విమానాల పార్కింగ్ వాలంటీర్లపై ఫిర్యాదులు: ఫ్లై-ఇన్ సీజన్‌కు ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

సొంత విమానాలున్నవారు వాటిలోనే ఎగిరి వచ్చి ఒకచోట కలుసుకునే వేడుకలను అమెరికాలో ఫ్లై-ఇన్‌లు అంటారు. వసంతంలో ఫ్లోరిడాలోని లేక్‌లాండ్‌లో జరిగే సన్ ఎన్ ఫన్, జులై చివరిలో విస్కాన్సిన్‌లోని ఓష్‌కోష్‌లో జరిగే ఎయిర్‌వెంచర్ వీటిలో పెద్దవి. ఎయిర్‌వెంచర్ వారంలో ఓష్‌కోష్‌కు, చుట్టుపక్కల విమానాశ్రయాలకు కలిపి 10 వేలకు పైగా విమానాలు వస్తాయి. వాటిని గడ్డి మైదానాల్లో వరుసలుగా నిలబెట్టే పనిలో ఎక్కువ భాగం జీతం తీసుకోని వాలంటీర్లదే. చిన్న ఊళ్లలో ఈఏఏ (ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అనే విమాన ఔత్సాహికుల సంఘం) చాప్టర్లు, అంటే స్థానిక శాఖలు, శనివారం పొద్దున పాన్‌కేక్ అల్పాహారం పెట్టి పిలిచే ఫ్లై-ఇన్‌లలోనూ ఇదే పద్ధతి. అక్కడ స్థిరపడిన తెలుగువారిలో పైలట్ లైసెన్సు తీసుకుని, చాప్టర్‌లో చేరి, ఎండలో నిలబడి విమానాలకు దారి చూపుతున్నవారు ఉన్నారు. ఈ ఏడాది ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నవారి కోసం ఈ జాగ్రత్తలు.

ఫిర్యాదులు వస్తాయి. వందలమంది పైలట్లు గంటల తరబడి ఎగిరి, అలసి, దాహంతో దిగే చోట రాకుండా ఉండవు. వాటిని ఎవరు వింటారు, ఎక్కడ వింటారు, విన్నాక ఏం చేస్తారు అన్నది తొలి విమానం దిగకముందే తేలాలి. వచ్చిన ప్రతి ఫిర్యాదులో ప్రాణానికో విమానానికో ముప్పు తెచ్చే సంగతి ఏదైనా ఉందా అని ముందు చూడండి. మర్యాద గురించిన చర్చ ఆ తర్వాత.

సగం ఫిర్యాదులు నేల మీద పుట్టవు

విమానం బయలుదేరేటప్పటికే చాలా ఫిర్యాదులకు బీజం పడుతుంది. ఓష్‌కోష్‌కు వచ్చే పైలట్లు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఏటా విడుదల చేసే ప్రత్యేక సూచనల పుస్తకం చదివి, తాము ఎక్కడ నిలపాలనుకుంటున్నారో పెద్ద అక్షరాలతో రాసి ముందు అద్దంలో చూపించాలి. జీఏసీ అంటే మామూలు విమానం, పక్కనే టెంటు వేసుకుంటారు. వీఏసీ అంటే పాతకాలపు విమానం, టెంటుతో సహా. హెచ్‌బీపీ అంటే ఇంట్లో కట్టుకున్న విమానం, టెంటు లేదు. ఆ కాగితం మీది అక్షరాలు సన్నగా ఉన్నా, ఎండ పడి అద్దం మెరిసినా వాలంటీరు విమానాన్ని వేరే వైపు పంపిస్తాడు. అరగంట తర్వాత “మీవాడు నన్ను తప్పుదారి పట్టించాడు” అనే ఫిర్యాదు వస్తుంది. చిన్న ఫ్లై-ఇన్ అయినా సరే, ఎటు నుంచి రావాలి, ఎక్కడ ఆపుతారు, గడ్డి ఎంత గట్టిగా ఉంది, ఇంధనం ఎక్కడ అన్న వివరాలు ఒక పేజీలో రాసి వారం ముందే పంపండి. ఆ ఒక్క పేజీతో తగ్గే గొడవ ఎంత శిక్షణ ఇచ్చినా తగ్గదు.

“పక్కనే వరుసంతా ఖాళీగా ఉంటే నన్ను అంత దూరం ఎందుకు పంపారు?” ఇది ప్రతిచోటా వినిపించే మాట. ఆ ఖాళీ వరుస గుంపుగా వచ్చే విమానాల కోసం అట్టేపెట్టినది కావచ్చు. బొనాంజా అనే రకం చిన్న విమానాల యజమానులు 1990 నుంచి ఒక పెద్ద దండుగా ఓష్‌కోష్‌కు ఎగిరి వస్తున్నారు. వారికి ముందే చోటు కేటాయించి ఉంచాలి. లేదా ఆ నేల మెత్తగా ఉండవచ్చు. 2010లో ప్రదర్శనకు ముందు కురిసిన భారీ వర్షాలకు ఓష్‌కోష్ మైదానాలు బురదమయమై, చాలామంది పైలట్లు వేరే విమానాశ్రయాల్లో దిగాల్సి వచ్చింది. కారణం తెలిస్తే పైలట్ సర్దుకుంటాడు. కాబట్టి ఖాళీగా ఉంచిన ప్రతి వరుస మొదట్లో ఎందుకు ఉంచారో రాసిన బోర్డు పాతండి. వాలంటీరుకు కూడా ఆ కారణం తెలిసి ఉండాలి. “నాకు అలా చెప్పమన్నారు” అన్న జవాబు విన్నవాడికి మరింత మంట పుట్టిస్తుంది.

సంకేతాల వల్ల కూడా అపార్థాలు వస్తాయి. అరచేతిని గొంతుకు అడ్డంగా జరిపితే ఇంజిన్ ఆపమని అర్థం. వెనక సీట్లో ఉన్న చుట్టానికి అది బెదిరింపులా కనిపించవచ్చు. చెవుల్లో దూదో రక్షణ బిళ్లలో పెట్టుకున్న మనిషి మాట్లాడితే అరిచినట్టే ఉంటుంది. మన తెలుగు వాలంటీర్లకు ప్రత్యేకంగా ఒక మాట: సరే అనడానికి మనం తలను పక్కలకు ఊపుతాం, అది అమెరికన్ పైలట్‌కు కాదన్నట్టు కనిపిస్తుంది. ఫ్లైట్‌లైన్ (విమానాలు కదిలే, ఆగే చోటు) మీద తలతో ఏ సంకేతమూ ఇవ్వకండి, చేతులే మాట్లాడాలి. రేడియోలో యాస అర్థం కాలేదన్న ఫిర్యాదు వస్తే నొచ్చుకోవాల్సిన పని లేదు. అందరూ వాడే చిన్న చిన్న పదబంధాలను ముందే ఖాయం చేసుకుని, విన్నవాళ్లు తిరిగి చెప్పే పద్ధతి పెడితే ఎవరి యాసైనా ఇబ్బంది కాదు.

ఫ్లైట్‌లైన్ మీద వాదన వద్దు

బంతి భోజనంలో వడ్డించేవాణ్ని ఆపి నిలదీస్తే వెనకున్న విస్తళ్లన్నీ ఖాళీగా ఉండిపోతాయి. ఇక్కడ వెనకున్నవి తిరుగుతున్న ప్రొపెల్లర్లు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ప్రొపెల్లర్ కంటికి కనబడదు. మాటల్లో పడి ఒక్క అడుగు వెనక్కి వేసిన మనిషి దాని దారిలోకి వెళ్లిపోతాడు. అందుకే ఫిర్యాదు వినేవాడు వేరు, విమానాలకు దారి చూపేవాడు వేరు కావాలి. ఈ ఒక్క నియమంలో మినహాయింపు పెట్టకండి.

వరుసలకు దూరంగా, నీడలో ఒక బల్ల వేసి, రోజంతా ఒక మనిషి అక్కడే ఉండేలా చూడండి. వాలంటీరుకు ఒకే వాక్యం నేర్పండి: “మీ మాట వినడానికి అక్కడ మనిషి ఉన్నారండీ, ఇప్పుడే పిలుస్తాను.” అతను సంజాయిషీ ఇవ్వకూడదు, ఎదురు మాట అనకూడదు. పైలట్ అరుస్తూ వెంటపడితే వాలంటీరు పని ఆపి, వరుస బాధ్యుణ్ని పిలిచి పక్కకు తప్పుకోవాలి. అప్పటిదాకా వచ్చే విమానాలను టాక్సీవే (రన్‌వే నుంచి పార్కింగ్‌కు వచ్చే దారి) మీదే ఆపాలి. రెండు నిమిషాల ఆలస్యంతో ఎవరికీ నష్టం లేదు.

బల్ల దగ్గర కూర్చునేవారికి విమానాల సంగతి తెలిసి ఉండాలి, గొంతు నెమ్మదిగా ఉండాలి. చాప్టర్ అధ్యక్షుణ్నే కూర్చోబెట్టడం మామూలు, కానీ నా ఉద్దేశంలో అది సరికాదు. ఆయనకు ఆ రోజు వంద పనులు ఉంటాయి, ఫిర్యాదు చెప్పేవాడికి పది నిమిషాలు ఇవ్వలేరు. ముందుగా మంచినీళ్లు ఇచ్చి కూర్చోమనండి. మూడు గంటలు ఎగిరి వచ్చిన మనిషికి మొదట మరుగుదొడ్డి ఎక్కడో చెప్పడం కూడా ఫిర్యాదు పరిష్కారంలో భాగమే.

రాసుకోవాల్సినవి: సమయం, వరుస పేరు, విమానం రిజిస్ట్రేషన్ సంఖ్య, గాలి ఎటు నుంచి వీస్తోంది, వాలంటీరు వెస్టు మీది సంఖ్య, చెప్పినవారి మాటలు వారు చెప్పినట్టుగానే. వెస్టుల మీద పేర్లకు బదులు సంఖ్యలు ఉంటే మంచిది. ఫిర్యాదు పనిమీద ఉంటుంది, ఆ వాలంటీరు పేరు నలుగురి నోట్లో నానదు.

ముప్పు ఉన్న ఫిర్యాదులు

కొన్ని మాటలు చెవిన పడితే ఆ వరుసలో పని వెంటనే ఆపి చూడాలి. వాలంటీరు ప్రొపెల్లర్ ముందు వెనక్కి నడుస్తున్నాడు. పిల్లలు తాడు దాటి వచ్చారు. రెక్క కొన పక్క విమానానికి జానెడు దూరంలోకి వచ్చింది. ఇంజిన్ ఆగకముందే ఎవరో తలుపు దగ్గరికి వెళ్లారు. చెప్పే తీరు ఎంత దురుసుగా ఉన్నా, ఇలాంటి సమాచారం తెచ్చినవారికి కృతజ్ఞత చెప్పి తీరాలి.

తోకచక్రం విమానాల సంగతి విడిగా చెప్పాలి. నేల మీద వాటి ముక్కు పైకి లేచి ఉంటుంది, పైలట్‌కు నేరుగా ముందున్నది కనబడదు. అందుకే అతను పాములా మెలికలు తిరుగుతూ వస్తాడు. ఈ సంగతి తెలియని వాలంటీరు సరిగ్గా ముక్కు ఎదురుగా నిలబడి చేతులు ఊపుతాడు, పైలట్ చూడడు, “నా సంకేతం లెక్కచేయలేదు” అని వాలంటీరే ఫిర్యాదు చేస్తాడు. ఇటువంటి విమానాలకు పైలట్ పక్క కిటికీలోంచి కనిపించేలా ఒకవైపుకు జరిగి నిలబడాలి, రెక్క కొన దగ్గర ఇంకొకరు నడవాలి.

ఇంజిన్ ఆగిన తర్వాత కూడా ప్రొపెల్లర్‌ను ముట్టుకోనివ్వకండి. తాళం చెవి తీసేసినా, ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోను ఆపే తీగ తెగి ఉంటే చేత్తో కదిలించినప్పుడు ఇంజిన్ అదాటున తిరగవచ్చు. విమానాన్ని చేత్తో తోయాల్సి వస్తే ఎక్కడ పట్టుకోవాలో యజమాని చూపించాకే చెయ్యి వేయాలి. బట్ట తొడిగిన పాత విమానాల మీద బొటనవేలు గట్టిగా నొక్కితే చిరగవచ్చు. అడగకుండా ముట్టుకున్నారన్న ఫిర్యాదు నిజమని తేలితే నేను దాన్ని దురుసు మాట కంటే పెద్దదిగా లెక్కిస్తాను.

విమానానికి దెబ్బ తగిలితే దాన్ని ఉన్నచోటనే ఉంచి, అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయండి, తర్వాతే కదపండి. ఇద్దరు యజమానుల్నీ పిలవండి. “ఇలా జరిగినందుకు బాధగా ఉంది” అనవచ్చు. తప్పు ఎవరిదో ఆ క్షణంలో తేల్చకండి. నిర్వాహకుల బీమా సంస్థకు అదే రోజు చెప్పండి. మనిషి ప్రాణం పోయినా, తీవ్రంగా గాయపడినా అత్యవసర సేవల తర్వాత, విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ ఎన్‌టీఎస్‌బీకి వెంటనే తెలియజేయాలి. దెబ్బ తగలకుండా తప్పిపోయిన ఘటనలకు 1976 నుంచి నాసా నడుపుతున్న ఏఎస్‌ఆర్‌ఎస్ అనే విమాన భద్రతా నివేదికల వ్యవస్థ ఉంది. పైలటే కాదు, నేల మీద పనిచేసేవారు కూడా దానికి గోప్యంగా నివేదిక పంపవచ్చు.

చట్టం గురించి రెండు సంగతులు. అమెరికా విమానయాన నిబంధన 91.3 ప్రకారం విమానాన్ని నడిపే విషయంలో ప్రత్యక్ష బాధ్యత, తుది అధికారం పైలట్‌వే. వాలంటీరు చేతి సంకేతం సాయం మాత్రమే, ఆజ్ఞ కాదు. ఇది నిజమే, కానీ దెబ్బతిన్న రెక్క పక్కన నిలబడ్డ మనిషికి మీరిచ్చే మొదటి జవాబు ఇది కాకూడదు. రెండోది, 1997 నాటి ఫెడరల్ వాలంటీర్ల రక్షణ చట్టం. లాభాపేక్ష లేని సంస్థ పనిలో జరిగిన మామూలు పొరపాటుకు వాలంటీరు మీద వ్యక్తిగత భారం పడకుండా అది కాపాడుతుంది. తీవ్రమైన నిర్లక్ష్యానికి, కావాలని చేసిన హానికి, లైసెన్సో బీమానో అవసరమైన వాహనం నడుపుతూ చేసిన హానికి ఆ రక్షణ లేదు. సంస్థకూ లేదు. కాబట్టి బీమా పత్రంలో వాలంటీర్లు నడిపే బండ్లకు కూడా రక్షణ ఉందో లేదో సీజన్‌కు ముందే చదివి చూసుకోండి.

వాలంటీరు వైపు మాట

ఫిర్యాదు రాగానే ఆ వాలంటీరును అందరి ముందూ పిలిచి మందలించడం నాకు చాలా బాధ కలిగించే అలవాటు. సెలవు పెట్టుకుని, సొంత ఖర్చుతో వచ్చి, జులై ఎండలో నిలబడ్డ మనిషి అతను. షిఫ్టు అయ్యాక పక్కకు పిలిచి, ముందు అతని మాట వినండి, తర్వాత ఫిర్యాదు చదివి వినిపించండి. ఫలానావారు నీ గురించి ఇలా అన్నారని వేరేవాళ్ల నోట వినే పరిస్థితి రానీయకండి. దురుసుతనం గురించిన ఫిర్యాదుల మీద సమయం రాసి ఉంటుంది కదా, వాటిని వరుసగా పెట్టి చూడండి. అవి షిఫ్టుల చివరి గంటలోనే పోగుపడుతుంటే తప్పు షిఫ్టు నిడివిది. గంటలు తగ్గించండి, నీళ్లు వరుస దగ్గరికే పంపండి.

కొన్నిసార్లు వాలంటీరే సరైనవాడు, అప్పుడు అతని వెనక గట్టిగా నిలబడాలి. విమానాన్ని తాళ్లతో నేలకు కట్టారా అని పదేపదే అడిగి విసిగిస్తున్నాడని ఫిర్యాదు వస్తుంది. 2011 మార్చి 31న లేక్‌లాండ్‌లో సన్ ఎన్ ఫన్ జరుగుతుండగా సుడిగాలి వచ్చి ఎన్నో విమానాలను తలకిందులు చేసింది. కట్టని విమానం తను పాడవడమే కాక పక్కవాటి మీదా పడుతుంది. ఆ ఫిర్యాదుకు మర్యాదగా కారణం చెప్పండి, వాలంటీరును మాత్రం అడగడం ఆపమనకండి.

మద్యం తాగి వచ్చినా, ప్రొపెల్లర్ దగ్గర ఫోను చూస్తూ నడిచినా, ఎవరినైనా రంగునో యాసనో పట్టి తూలనాడినా అదే క్షణంలో వెస్టు తిరిగి తీసుకోండి. మిగతా వాటిలో తొలగించడం కంటే స్థానం మార్చడం మేలు. ఎదురుగా నిలబడి తడబడేవాడు రెక్క కొన దగ్గర నడవడంలో చక్కగా పనికొస్తాడు.

పైలట్ మీద వాలంటీరు చేసే ఫిర్యాదుకూ అదే కాగితం, అదే విలువ ఉండాలి. వరుసలో ఇంజిన్ వేగం ఒక్కసారిగా పెంచి వెనకున్న టెంట్ల మీదికి గులకరాళ్లు చిమ్మిన పైలట్‌తో బల్ల దగ్గరి మనిషి ఆ రోజే మాట్లాడాలి.

ఫిర్యాదు చేసిన ప్రతివారికీ వారంలోగా జవాబు వెళ్లాలి. ఏం విన్నాం, ఏం మార్చాం, మార్చకపోతే ఎందుకు అన్నది నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. ఫేస్‌బుక్‌లోనో యూట్యూబ్‌లోనో ఎవరైనా వీడియో పెడితే ఒకే మనిషి, ఒకేసారి, చాప్టర్ తరఫున జవాబివ్వాలి. వాలంటీర్లు దాని కింద వాదనకు దిగకూడదు. ఆ కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టి, వచ్చే ఏడాది శిక్షణ రోజున పేర్లు, వెస్టు సంఖ్యలు తీసేసి కొత్తవారికి చదివి వినిపించండి. ఏ వరుసలో, ఏ మలుపు దగ్గర ఎక్కువ ఫిర్యాదులు వచ్చాయో మైదానం పటం మీద గుర్తు పెట్టి, మొదటి రోజు పొద్దున అనుభవమున్నవారిని అక్కడ నిలబెట్టండి.