ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ యాత్ర: నీళ్లు దొరికే చోటు

బుర్గుండీలోని మోర్వాన్ కొండల్లాంటి చోట్ల కంకర బాటల మీద సైకిల్ తొక్కబోతున్నారా? టైర్ల కంటే ముందు నీళ్ల సంగతి చూసుకోండి. ఊరి తర్వాత ఊరు వస్తుంది కానీ తెరిచిన కొట్టు కనిపించదు. మధ్యాహ్నం భోజనవేళకు చాలా దుకాణాలు మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా మరీ కష్టం.

అలాంటప్పుడు ఊరి సమాధుల తోటకు వెళ్లండి. పూలమొక్కలకు పోయడానికి అక్కడ సాధారణంగా కుళాయి ఉంటుంది. ఫ్రాన్స్ ప్రభుత్వ పటాల సంస్థ ఐజీఎన్ వారి 1:25,000 స్కేలు పటాల్లో ఈ తోటలు కనిపిస్తాయి కాబట్టి బయలుదేరే ముందే గుర్తుపెట్టుకోవచ్చు. కుళాయి దగ్గర ‘ఓ నాన్ పొటాబ్ల్’ (Eau non potable, తాగే నీరు కాదు) అని రాసి ఉంటే ఆ నీరు తాగవద్దు, తల తడుపుకోవడానికే. ఏమీ రాసి లేకపోతే పక్కింటివారిని అడగడం మేలు. చలికాలంలో పైపులు గడ్డకట్టకుండా నీళ్లు ఆపేస్తారు, అప్పుడు దీన్ని నమ్ముకోకండి.

సైకిలు గేటు బయటే ఉంచండి. లోపల ఎవరైనా తమవారిని తలచుకుంటూ నిలబడి ఉంటే వారు కదిలేదాకా ఆగండి. దాహం కాసేపు ఓర్చుకోవచ్చు.

శరదృతువులో వెళ్లేవారికి ఇంకొక మాట: అది వేట కాలం. అడవి బాటల్లో దూరానికి కనిపించే నారింజ రంగు చొక్కా వేసుకోండి.