బంగారు నానోకణాల బయోసెన్సర్: యాంటీబాడీ కన్నా ముందు పంచదార నీళ్లు

గుంటూరు మిర్చిలో అఫ్లటాక్సిన్‌ను (బూజు వల్ల పుట్టే విషాన్ని) కాంతితో పసిగట్టే సెన్సర్‌ను ప్రాజెక్టుగా ఎంచుకున్న విద్యార్థికి మొదట యాంటీబాడీ (ఆ విషాన్ని గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్) కొనాలనిపిస్తుంది. నా దృష్టిలో అది చివర పెట్టవలసిన ఖర్చు. తన చుట్టూ జరిగే మార్పుకు బంగారు ఉపరితలం ఎంత స్పందిస్తున్నదో ముందుగా తేల్చుకోవాలి.

బంగారు నానోకణాల (అతి సూక్ష్మమైన బంగారు రేణువుల) కోసం, 20 మిల్లీలీటర్ల 1 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆమ్ల (బంగారు సమ్మేళనపు) ద్రావణాన్ని కలియబెడుతూ మరిగించి, 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ ద్రావణాన్ని 2 మిల్లీలీటర్లు ఒక్కసారిగా పోస్తే, సుమారు పది నిమిషాల్లో కెంపు రంగు తేలుతుంది. బోరు నీళ్లు గానీ, డబ్బాల్లో వచ్చే తాగునీళ్లు గానీ వాడకూడదు. వాటిలోని లవణాలు కణాలను గుంపుకట్టించి ఎరుపును నీలంగా మార్చగలవు.

శుభ్రమైన గాజు పలకను అమైనోప్రొపైల్ ట్రైఇథాక్సీసిలేన్ (గాజుకు అమైన్ సమూహాలను అతికించే సిలేన్ రసాయనం) కలిపిన ఇథనాల్‌లో అరగంట ఉంచి, కడిగి, 110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, రాత్రంతా బంగారు ద్రావణంలో ముంచి ఉంచితే, ధనావేశపు అమైన్లు ఋణావేశపు కణాలను పట్టుకుంటాయి. కృష్ణా తీరపు వానాకాలపు తేమలో మూత తీసి వదిలితే సిలేన్ పాడవుతుంది, గనుక సీసాను డెసికేటర్‌లోనే (లోపల తేమ చేరనివ్వని మూతపాత్రలోనే) ఉంచాలి.

ఇక అసలు పరీక్ష. పలకను కువెట్‌లో (కాంతి కొలతకు వాడే చిన్న పారదర్శక పాత్రలో) నిలబెట్టి, మొదట నీటిలో, తరువాత 20 శాతం పంచదార ద్రావణంలో, మళ్లీ నీటిలో వర్ణపటం (ఏ తరంగదైర్ఘ్యపు కాంతి ఎంత శోషణ చెందిందో చూపే వక్రరేఖ) తీయాలి. ద్రవం కాంతిని ఎంత వంచుతుందో తెలిపే వక్రీభవన గుణకం 1.333 నుంచి 1.364కు పెరిగినప్పుడు, బంగారంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల కంపనానికి అనువైన తరంగదైర్ఘ్యం ఎరుపు వైపు జరుగుతుంది. కాని ఇంత చిన్న గుండ్రని కణాలలో ఆ జరుగుబాటు ఒకటి రెండు నానోమీటర్లకు మించదు. అందుకే శిఖరాన్ని (శోషణ అత్యధికంగా ఉండే చోటును) కంటితో గుర్తించకుండా, వక్రరేఖకు గణితపరంగా కేంద్రబిందువును లెక్కకట్టాలి. తిరిగి నీటిలో పెట్టినప్పుడు శిఖరం పాత చోటికి రాకపోయినా, ఎత్తు తగ్గినా, కణాలు ఊడిపోతున్నాయేమోనని అనుమానించాలి.

ఈ పరీక్ష నెగ్గిన పలకపైనే యాంటీబాడీ ప్రయోగం చేయాలి. అఫ్లటాక్సిన్ బి1 అణుభారం 312 మాత్రమే గనుక, అది నేరుగా అంటుకుంటే సంకేతం దాదాపు కనిపించదు. సుమారు 1,50,000 అణుభారం గల యాంటీబాడీ అంటుకుంటేనే కనిపిస్తుంది. కాబట్టి అఫ్లటాక్సిన్‌ను జతచేసిన ప్రోటీన్‌ను పలకపై పూసి, మిగిలిన ఖాళీలను బోవైన్ సీరం ఆల్బుమిన్‌తో (ఆవు రక్తం నుంచి తీసే ప్రోటీన్‌తో) కప్పి, మిర్చి సారంతో కలిపిన యాంటీబాడీని దానిపై పోయాలి. సారంలో విషం ఎక్కువైన కొద్దీ పలకను అంటే యాంటీబాడీ తగ్గి, శిఖరం తక్కువగా జరుగుతుంది. మిర్చి ఎరుపు వర్ణకాలు కూడా దాదాపు ఇదే ప్రాంతంలో కాంతిని శోషిస్తాయి గనుక, పలకను బఫర్‌తో (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణంతో) పూర్తిగా కడిగిన తరువాతే రీడింగు తీయాలి.