ఉప్పుగాలి, చిలుము, యాంటెన్నా కనెక్టర్: సమస్య - పరిష్కారం

శ్రీకాకుళం జిల్లా తీరంలో, ముఖ్యంగా కళింగపట్నం, బారువ వంటి చోట్ల హామ్ రేడియో (అభిరుచి కొద్దీ మాట పంపి అందుకునే రేడియో) నడుపుతున్నవారికి సెట్టు కన్నా ముందు పాడయ్యేది యాంటెన్నా కనెక్టరే. అయినా మాట తెగిపోగానే అందరి అనుమానమూ సెట్టు మీదికే పోతుంది. నేనూ ఒకసారి నిక్షేపంగా ఉన్న సెట్టును మరమ్మతుకు పంపి, ఏ దోషమూ లేదన్న మాటతో తిరిగి తెచ్చుకున్నాను. తీరా చూస్తే డాబా మీది ప్లగ్గులో ఒకచోట టంకం అంటుకోలేదు.

సెట్టు మూత విప్పే ముందు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు శక్తిని మింగే నిరోధకం), ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (పంపిన శక్తిలో ఎంత తిరిగి వస్తోందో నిష్పత్తిగా చూపేది), మల్టీమీటర్ దగ్గర పెట్టుకోవాలి. మొదట డమ్మీ లోడ్‌ను మీటర్ ద్వారా సెట్టుకే తగిలించి తక్కువ పవర్‌తో ప్రసారం చేయాలి. నిష్పత్తి 1:1 దగ్గర కదలకుండా నిలిస్తే సెట్టు తప్పు లేదని తేలుతుంది. తరువాత అదే లోడ్‌ను కేబుల్ రెండో కొనకు మార్చి మళ్లీ చూస్తే, దోషం కేబుల్‌లోనా యాంటెన్నాలోనా అన్నది విడిపోతుంది. ప్రసారం జరుగుతుండగా విడిగా ఉన్న కనెక్టర్‌ను చేత్తో తాకితే చర్మం కాలుతుంది కనుక, కదిపి చూసేది కేబుల్‌నే తప్ప లోహాన్ని కాదు.

కేబుల్ కదిలినప్పుడల్లా ఎస్‌డబ్ల్యూఆర్ ఎగిరిపడుతోంది, రిసీవర్‌లో గరగర వస్తోంది

కేబుల్ కొనకు వేసే పీఎల్-259 ప్లగ్గులో దీనికి కారణాలు మూడు. బిగింపు రింగు వదులైతే షీల్డ్ (కేబుల్ నడిమి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) వైపు స్పర్శ పోతుంది, ఎందుకంటే ఈ రకం ప్లగ్గులో బయటి స్పర్శ అంతా ఆ రింగు బిగువు మీదే ఆధారపడి ఉంటుంది. చేత్తో బిగించాక పట్టకారుతో కొద్దిగా తిప్పితే చాలు. సెట్టు వెనక ఉన్న ఎస్ఓ-239 సాకెట్ నడిమి రేకులు విచ్చుకుపోయి ఉంటే, సెట్టు కరెంటు తీసేసి, సన్నని సూదితో వాటిని నెమ్మదిగా లోపలికి దగ్గర చేయాలి.

మూడోది, అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది, షీల్డ్‌కు సరిగా పట్టని టంకం. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ఇత్తడి ప్లగ్గు వేడెక్కదు, సీసం ముత్యంలా పైన నిలుస్తుంది తప్ప లోపలికి పారదు. అలాగని అదే ఐరన్‌ను ఎక్కువసేపు ఆనించి ఉంచితే లోపలి పాలిథిన్ కరిగి, నడిమి తీగ పక్కకు జరిగి షీల్డ్‌ను తాకుతుంది. 80 నుంచి 100 వాట్ల ఐరన్, వెడల్పాటి మొన తీసుకుని, టంకం రంధ్రాల చుట్టూ నికెల్ పూతను ఆకురాయితో గీకి, త్వరగా పని ముగించాలి. ఈ పని డాబా మీద చేయకూడదు. సముద్రపు గాలికి మొన చల్లబడిపోతుంది.

టంకం ఆరాక యాంటెన్నా విప్పి కొలిస్తే, పిన్నుకూ బాడీకీ మధ్య మల్టీమీటర్ ఏ కలయికా చూపకూడదు. అవతలి కొనలో పిన్నునూ బాడీనీ తీగ ముక్కతో కలిపితే ఒక ఓమ్ లోపే రావాలి, కేబుల్‌ను ఊపినా అది మారకూడదు. యాంటెన్నా తగిలించి కొలిస్తే ఫోల్డెడ్ డైపోల్ (కొనలు కలిసి ఒకే చుట్టుగా ఉండే యాంటెన్నా) వంటివి సహజంగానే సున్నా చూపుతాయి కనుక, దాన్ని షార్ట్ అనుకుని కంగారుపడనక్కరలేదు.

ఎస్‌డబ్ల్యూఆర్ చక్కగా ఉంది, అయినా ఎవరికీ వినిపించడం లేదు

కొత్తవారిని అన్నిటికన్నా ఎక్కువ మోసగించేది ఇదే. వాననీరు పై ప్లగ్గు నుంచి షీల్డ్ అల్లికలోకి దిగి రాగిని నల్లబరిస్తే, పంపిన శక్తి దారిలోనే వేడిగా మారిపోతుంది. యాంటెన్నా నుంచి తిరిగి రావలసినది కూడా అదే దారిలో అరిగిపోవడం వల్ల మీటర్ ముల్లు ఎంతో ఒద్దికగా 1.3 దగ్గర నిలుస్తుంది. ముల్లు ఒద్దికను చూసి సంతోషించేవారే ఎక్కువ. నాకు మాత్రం పాత కేబుల్ మీద ఎస్‌డబ్ల్యూఆర్ ఏడాదికేడాదీ మెరుగవుతుంటే భయం వేస్తుంది.

పరీక్ష సులభం. యాంటెన్నా విప్పేసి, కేబుల్ కొనను అలాగే వదిలి, యాంటెన్నా ఎనలైజర్‌తో (సెట్టు లేకుండానే ఎస్‌డబ్ల్యూఆర్ కొలిచే పరికరం) సెట్టు వైపు నుంచి కొలవాలి. సుమారు 20 మీటర్ల మంచి కేబుల్ అయితే 7 మెగాహెర్ట్జ్ దగ్గర ముల్లు చివరిదాకా పోవాలి. అది 2 దగ్గర ఆగిందంటే ఒకవైపు ప్రయాణంలోనే దాదాపు 5 డెసిబెల్స్ పోతున్నట్టు. అంటే 100 వాట్లలో సుమారు 32 వాట్లే యాంటెన్నాకు చేరుతున్నట్టు. కొన నుంచి కేబుల్‌ను కోసుకుంటూ వచ్చి, రాగి మెరుస్తూ కనిపించిన చోట కొత్త ప్లగ్గు వేయాలి. మీటరు దూరం కోసినా రాగి నల్లగానే ఉంటే కేబుల్ మొత్తం మార్చక తప్పదు.

వెండి పూత నల్లబడితే పెద్దగా నష్టం లేదు. ఇత్తడి పచ్చగా చిలుము పడితే మాత్రం ఆ ప్లగ్గును పారేయడమే మేలు. ఇత్తడి బిందెలకు చేసినట్టు చింతపండుతో తోమేవారిని చూశాను. ఆ పులుపు లోపల మిగిలిపోయి రాగిని మళ్లీ తింటుంది. స్వల్పంగా మసకబారితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోతుంది.

చేతి సెట్టులో సిగ్నల్ వచ్చిపోతోంది

చేతి సెట్టు యాంటెన్నాకు ఉండే చిన్న ఎస్ఎంఏ కనెక్టర్‌కు సాధారణంగా లెక్కగట్టే ఆయుష్షు 500 సార్లు బిగించి విప్పడం. రోజూ యాంటెన్నా మార్చేవారు సెట్టుకు బీఎన్సీ (కొద్దిగా తిప్పితే తగులుకునే రకం) ఎడాప్టర్ శాశ్వతంగా బిగించి, అరుగుదలను దానికి వదిలేయాలి. వైఫై సామానులో వచ్చే తిరుగుడు రకం ఎస్ఎంఏకు మరలు చక్కగా కూర్చుంటాయి గాని, నడుమ పిన్ను, రంధ్రం ఒకదానితో ఒకటి కలవవు.

434 నుంచి 438 మెగాహెర్ట్జ్ మీద పనిచేసేవారు పీఎల్-259 వాడకుండా ఎన్ రకం కనెక్టర్‌కు మారాలి.

మళ్లీ రాకుండా

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఫోను, కరెంటు రెండూ లేని అలాంటి రోజుల్లో బ్యాటరీ మీద నడిచే సెట్టే దిక్కు కనుక, ఈ పరీక్షలన్నీ సెప్టెంబరులోనే ముగించాలి. బయటి కనెక్టర్‌కు తనలో తాను అతుక్కునే రబ్బరు టేపును సాగదీస్తూ కింది నుంచి పైకి, పెంకులు ఒకదాని మీద ఒకటి వచ్చినట్టు చుట్టి, ఎండ తగలకుండా దానిపై పీవీసీ టేపు వేయాలి. పీవీసీ టేపు ఒక్కటే వేస్తే మన ఎండకు జిగురు కరిగి, సందుల్లో నీరు నిలుస్తుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పూతను రాగి దగ్గరికి రానీయకూడదు. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట గోడ కన్నం కన్నా కిందికి ఒక వంపు వదిలితే, నీరు ఆ వంపు నుంచే నేల మీదికి కారిపోతుంది.